ఎఫ్‌పీఎస్ బాగానే ఉంది కానీ గేమ్ కుదుపులు కుదుపులుగా ఆడుతోందా? లో-ఎండ్ పీసీకి ఫ్రేమ్ క్యాప్ సమస్యలు, పరిష్కారాలు

పాత గ్రాఫిక్స్ కార్డో, కార్డే లేని ల్యాప్‌టాపో ఉన్నవాళ్ళు గేమ్ స్మూత్‌గా రాకపోతే మొదట చేసేది సెట్టింగులన్నీ లో కి దించి ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి వచ్చే ఫ్రేముల (బొమ్మల) లెక్క, ఎంత పైకి వెళ్తుందో చూడటం. నన్నడిగితే ముందు చేయాల్సింది దానికి ఉల్టా, ఎఫ్‌పీఎస్‌ని మనమే ఒక నంబర్ దగ్గర ఆపేయాలి, ఫ్రేమ్ క్యాప్ అంటే ఇదే. ఎందుకంటే మన కన్ను పట్టేది ఎన్ని ఫ్రేములొచ్చాయని కాదు, అవి సమానమైన గ్యాప్‌లో వచ్చాయా లేదా అని. కదలకుండా నిలబడిన 40, 42కీ 65కీ మధ్య ఊగే ఎఫ్‌పీఎస్ కంటే చాలా నయం.

ముందు ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఇన్‌స్టాల్ చేస్కోండి, కార్డు ఎలా పనిచేస్తోందో చూపించే సాఫ్ట్‌వేర్ అది, కార్డు ఏ కంపెనీదైనా పర్లేదు. దాంతోపాటే రివాట్యూనర్ వస్తుంది, అందరూ ఆర్‌టీఎస్‌ఎస్ అంటారు, క్యాప్ పెట్టేది దాంట్లోనే, మనకి అసలు పని దాంతోనే. ఆఫ్టర్‌బర్నర్ సెట్టింగ్స్‌లో మానిటరింగ్ ట్యాబ్‌కెళ్ళి ఫ్రేమ్‌రేట్ (అంటే ఎఫ్‌పీఎస్), జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) యూసేజ్, టెంపరేచర్, ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే టైమ్) నాలుగూ స్క్రీన్ మీద కనపడేలా పెట్టండి, ఫ్రేమ్‌టైమ్ మాత్రం నంబర్‌గా కాకుండా గ్రాఫ్‌గా పెట్టుకోండి. ఇది లేకుండా చేసేదంతా గుడ్డిగా చేయడమే.

సమస్య: ఎఫ్‌పీఎస్ కౌంటర్‌లో 55, 60 కనిపిస్తోంది, అయినా కెమెరా తిప్పితే పట్టి పట్టి కదులుతోంది

ఆ గ్రాఫ్ చూడండి, గీత తిన్నగా ఉండదు, రంపం పళ్ళలా ఉంటుంది. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు, 40 అంటే 25. ఇప్పుడు ఒక ఫ్రేమ్ 12లో వచ్చి తర్వాతది 28లో వచ్చి ఆ తర్వాతది 14లో వస్తే, సెకను మొత్తానికి లెక్కేసి కౌంటర్ 55 అనే చూపిస్తుంది, కానీ ఆ 28 దగ్గర పడ్డ కుదుపు మీకు తెలిసిపోతుంది. కౌంటర్ అబద్ధం చెప్పట్లేదు, సగటు చెప్తోంది అంతే.

దీనికి గేమ్‌లో అన్నిటికంటే బరువైన చోటికెళ్ళండి, జనం ఎక్కువుండే ఊరో, పొగా పేలుళ్ళూ ఉండే ఫైటో, ఖాళీ గదిలో నిలబడి గోడవైపు చూస్తూ టెస్ట్ చేయకండి. అక్కడ రెండు మూడు నిమిషాలు తిరిగి ఎఫ్‌పీఎస్ మామూలుగా ఎక్కడిదాకా పడిపోతోందో చూసి, దానికి కొంచెం కింద క్యాప్ పెట్టండి. 44 దాకా పడుతుంటే 40 అన్నమాట. ఎక్కడ, ఎలా పెట్టాలో కింద మౌస్ సమస్య దగ్గర ఉంది. ఎప్పుడో ఒక్కసారి 20కి పడి లేచేది లెక్కలోకి తీసుకోవద్దు, దాని సంగతి చివర్లో ఉంది. క్యాప్ పెట్టాక జీపీయూ యూసేజ్ 99 శాతం నుంచి 80, 90 మధ్యకి దిగాలి, ఆ మిగిలిన కాస్త జాగానే తర్వాత బరువైన సీన్ వచ్చినప్పుడు ఆదుకుంటుంది. క్యాప్ పెట్టినా ఇంకా 99లోనే ఉందంటే మీరు పెట్టిన నంబర్ మీ కార్డుకి ఎక్కువే, ఇంకాస్త దించండి లేదా షాడోస్ ఒక మెట్టు తగ్గించండి.

సమస్య: క్యాప్ పెట్టా, గ్రాఫ్ తిన్నగా ఉంది, కానీ ఇంకా ఏదో తేడాగా ఉంది

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోయి క్యాప్ వేస్ట్ అని వదిలేస్తారు. కారణం కార్డు కాదు, మానిటర్. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తుంది, మీరు 45 పంపితే నాలుగు రిఫ్రెష్‌లకి మూడు ఫ్రేములే ఉంటాయి, వీసింక్ (ఫ్రేముల్ని మానిటర్ రిఫ్రెష్‌తో కలిపి నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే రెండు ఫ్రేములు ఒక్కో రిఫ్రెష్ ఉండి మూడోది రెండు రిఫ్రెష్‌లు ఆగుతుంది, అంటే 16.7, 16.7, 33.3, మళ్ళీ అదే. గ్రాఫ్‌లో ఇది కనపడదు, ఎందుకంటే కార్డు వైపు నుంచి అంతా సమానంగానే వెళ్తోంది.

కాబట్టి మానిటర్ రిఫ్రెష్ రేట్‌ని భాగిస్తే శేషం రాని నంబర్ పెట్టాలి. 60 హెర్ట్జ్‌కి 60 లేదా 30, 120కి 60 లేదా 40, 144కి 72 లేదా 48. 60 హెర్ట్జ్ వాళ్ళకే ఇబ్బంది, 60 అందదు, 30 చూడబుద్ధి కాదు. దీనికో చిట్కా ఉంది, విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మీ మానిటర్‌కి 50 హెర్ట్జ్ ఆప్షన్ ఉందేమో చూడండి, కొన్ని మానిటర్లకి ఉంటుంది, ఉంటే అది పెట్టి గేమ్‌ని 50 దగ్గర ఆపేయండి. ఆట అయిపోయాక మళ్ళీ 60కి మార్చుకోవాలి, అది కొంచెం తలనొప్పే గానీ ఫలితం మాత్రం బాగుంటుంది.

ఫ్రీసింక్ లేదా జీసింక్ ఉన్న మానిటరైతే, అంటే ఫ్రేములొచ్చే వేగానికి తగ్గట్టు తనే రిఫ్రెష్ మార్చుకునేదైతే, ఈ భాగహారాలేవీ అక్కర్లేదు, దాని రేంజ్ లోపల ఏ నంబరైనా ఓకే, పై హద్దుకి మూడు నాలుగు తక్కువ పెట్టుకోండి చాలు. కానీ తక్కువ ధర మానిటర్లలో ఫ్రీసింక్ రేంజ్ 48 నుంచి 75 దాకానే ఉండటం మామూలు, అలాంటిదాంట్లో 40 క్యాప్ పెడితే రేంజ్ కిందకి పోయి ఫ్రీసింక్ పనిచేయదు. 48 పైన నిలబడితేనే దాన్ని నమ్ముకోండి, లేదంటే ఆపేసి పైన చెప్పిన లెక్కకే వెళ్ళండి.

సమస్య: మొదటి పది నిమిషాలు సూపర్, తర్వాత పడిపోతుంది, ఫ్యాన్ హోరు

వేడి. ముఖ్యంగా ల్యాప్‌టాప్. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే కూలింగ్ మీద బతుకుతుంటాయి, ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అయితే ఒకే చిప్పులో ఒకే కరెంటు పంచుకుంటాయి. అదుపు లేకుండా వదిలేస్తే మొదట 70 కొట్టి, వేడెక్కాక క్లాక్ (చిప్ నడిచే వేగం) తగ్గించుకుని 40కి వస్తుంది. 45 దగ్గర ముందే ఆపేస్తే చాలా మిషన్లలో అది గంట తర్వాత కూడా 45లోనే ఉంటుంది. అందుకే క్యాప్ నంబర్ తేల్చేటప్పుడు చల్లగా ఉన్న మిషన్ మీద కాదు, ఇరవై నిమిషాలు ఆడి వేడెక్కాక చూడండి. మెనూలో ఉన్నప్పుడే ఫ్యాన్ అరుస్తుంటే అక్కడ గేమ్ వందల్లో ఫ్రేములు ఊరికే గీస్తోందని అర్థం, దానికీ మందు ఇదే.

సమస్య: మౌస్ బరువుగా, లేటుగా కదులుతోంది

జీపీయూ 99 శాతంలో ఉంటే ప్రాసెసర్ ముందే రెడీ చేసిన ఫ్రేములు క్యూలో నిలబడతాయి, మీరు మౌస్ కదిపింది ఆ క్యూ అయ్యాకే కనపడుతుంది. క్యాప్ పెడితే క్యూ తగ్గుతుంది, కాబట్టి ఎఫ్‌పీఎస్ తగ్గినా కంట్రోల్ తేలికవడం వింతేం కాదు. వీసింక్ వల్ల కూడా లేటొస్తుంది, పైగా కొన్ని గేముల్లో 60 అందకపోతే ఒక్కసారిగా 30కి దూకుతుంది. షూటింగ్ గేములైతే వీసింక్ ఆపేసి క్యాప్ ఒక్కటే ఉంచండి, స్క్రీన్ కాస్త చీలినట్టు కనపడినా భరించొచ్చు. నిదానంగా ఆడే కథ గేములకి వీసింక్ ప్లస్ క్యాప్ రెండూ ఉంచుకోవచ్చు.

క్యాప్ ఎక్కడ పెట్టాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. గేమ్ లోపలి లిమిటర్‌తో లేటు తక్కువ, కానీ కొన్ని గేముల్లో అది ఫ్రేముల్ని సమానంగా వదలదు. ఆర్‌టీఎస్‌ఎస్‌తో గ్రాఫ్ గీత గీసినట్టు ఉంటుంది, లేటు కొంచెం ఎక్కువ, మామూలు ఆటలో తెలియదు. అందులో ఎడమవైపు యాడ్ నొక్కి గేమ్ ఎక్స్ఈ ఫైల్ (గేమ్‌ని నడిపే ఫైల్) ఎంచుకుని, ఫ్రేమ్‌రేట్ లిమిట్ బాక్సులో నంబర్ కొట్టడమే, 0 అంటే లిమిట్ లేనట్టు. ఆన్‌లైన్ గేముల్లో యాంటీ చీట్ ఆర్‌టీఎస్‌ఎస్‌ని ఒప్పుకోకపోతే డ్రైవర్‌లో పెట్టండి, ఎన్విడియాకి కంట్రోల్ ప్యానెల్ మేనేజ్ 3డీ సెట్టింగ్స్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్, ఏఎండీకి ఫ్రేమ్ రేట్ టార్గెట్ కంట్రోల్ లేదా రేడియాన్ చిల్. చిల్ వాడితే మినిమమ్, మ్యాక్సిమమ్ రెండిట్లో ఒకే నంబర్ పెట్టండి, లేదంటే మౌస్ కదపనప్పుడల్లా అదే ఎఫ్‌పీఎస్ దించేస్తుంది.

సమస్య: క్యాప్ పెట్టాక ఇంకా ఘోరంగా తయారైంది

నూటికి తొంభై సార్లు రెండు మూడు క్యాప్‌లు ఒకేసారి ఆన్‌లో ఉంటాయి, గేమ్‌లో 60, డ్రైవర్‌లో 60, ఆర్‌టీఎస్‌ఎస్‌లో 60, మూడూ దేని టైమింగ్ అది చూస్కుంటూ కొట్టుకుంటాయి. ఒక్కటే ఉంచండి. అదీ కాకపోతే లోడు తగ్గింది కదా అని కార్డు క్లాక్ మరీ దించేసుకుంటోందేమో, ఎన్విడియాలో ఆ గేమ్ వరకు పవర్ మేనేజ్‌మెంట్ మోడ్‌ని ప్రిఫర్ మ్యాగ్జిమం పెర్ఫార్మెన్స్ చేసి చూడండి. ల్యాప్‌టాప్‌లో మీరేం చేయకుండానే 30 దగ్గర ఆగిపోతే ఛార్జర్ పెట్టి ఉందో లేదో చూడండి, బ్యాటరీ మీద డ్రైవరే ఆపేస్తుంటుంది.

అన్నట్టు కొన్ని పాత గేములకి క్యాప్ స్మూత్‌నెస్ కోసం కాదు, గేమ్ సరిగ్గా నడవడానికే కావాలి. 2011 నాటి స్కైరిమ్‌లో 60 దాటితే ఫిజిక్స్ లెక్క తప్పి, గదిలోకి అడుగుపెట్టగానే బల్ల మీది సామాన్లు ఎగిరిపడతాయి.

సమస్య: అంతా బాగుంది, కానీ అప్పుడప్పుడు అర సెకను ఆగిపోతోంది

దీన్ని ఏ క్యాపూ సరిచేయలేదు. కొత్త ఏరియాలోకి వెళ్ళినప్పుడు మొదటిసారి మాత్రమే ఆగితే షేడర్లు (వెలుతురు, రంగులు గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతున్నట్టు, రెండోసారి అదే చోట ఉండదు. ప్రతిసారీ ఆగితే గేమ్ హార్డ్ డిస్క్ మీద ఉందేమో, ఎస్‌ఎస్‌డీకి మార్చండి. వీడియో మెమరీ 4 జీబీ ఉండి అది నిండిపోతుంటే టెక్స్చర్స్ ఒక మెట్టు దించండి, మిగతావి దించక్కర్లేదు. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ వాళ్ళు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ దగ్గర స్లాట్స్ యూజ్డ్ చూడండి, రెండిట్లో ఒకటే అని ఉంటే ర్యామ్ సింగిల్ ఛానెల్‌లో నడుస్తోంది, గ్రాఫిక్స్‌కి కూడా అదే ర్యామ్ కాబట్టి సగం దారి మూసేసినట్టే. రెండో స్టిక్ పెట్టాక బరువైన చోటికి మళ్ళీ వెళ్ళి చూస్తే 30 దగ్గర పెట్టుకున్న క్యాప్‌ని పైకి జరిపే వీలు దొరకొచ్చు.