రెప్టైల్ గార్డెన్స్‌కి వెళ్తున్నారా, పరిగెత్తకండి

సౌత్ డకోటాలో మౌంట్ రష్‌మోర్ (కొండ మీద అమెరికా ప్రెసిడెంట్ల ముఖాలు చెక్కిన చోటు) ట్రిప్ వేసుకునే మనవాళ్లు చాలామంది ర్యాపిడ్ సిటీ నుంచి హైవే 16 పట్టుకుని పోతారు, ఊరు దాటిన 6 మైళ్లకే పాములూ మొసళ్లూ ఉండే జూ, రెప్టైల్ గార్డెన్స్ వస్తుంది, బోర్డు చూసి "పాములేగా, మన పొలాల్లో చూడనివా" అనుకుని ఆగకుండా పోతారు. మేమూ మొదటిసారి అంతే. రెండోసారి అమ్మానాన్న వచ్చినప్పుడు వడగళ్ల వాన పట్టుకుంది, ఎటూ వెళ్లలేక ఇందులో దూరాం, మూడు గంటలు బయటికి రాలేదు.

చలికాలంలో మూసేస్తారు కాబట్టి తెరిచే తేదీలు, టికెట్ రేటు ముందురోజే వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. జాకెట్ కార్లోనే వదిలేయండి. స్కై డోమ్ అని పెద్ద గుమ్మటం ఉంటుంది, 1965 నాటిది, లోపల అడవిలాగా చెట్లూ తీగలూ, అడుగుపెట్టగానే మన ఆగస్టు ఉక్కపోత గుర్తొస్తుంది, కళ్లజోడుకి ఆవిరి పట్టేస్తుంది. అక్కడ విషం లేని పాములు, బల్లులు కొన్ని వదిలేసే ఉంటాయి, అందుకని ముందు తలెత్తి కొమ్మలు చూడండి. అమ్మకి ఈ ముక్క బయటికొచ్చాక చెప్పాం.

ఈ జూ పెట్టింది ఎర్ల్ బ్రాకెల్స్‌బీ, 1937లో. అంతకుముందు ఆయన టూరిస్ట్ గైడ్, టూర్ అయ్యాక టోపీ తీస్తే నెత్తిమీద రాటిల్‌స్నేక్ (తోకతో గిలకలా చప్పుడు చేసే విషపాము) చుట్ట చుట్టుకుని ఉండేదట! జనం బెదిరిపోతూనే ఎగబడి చూడటం గమనించి, డబ్బిచ్చి మరీ చూస్తారులే అని జూ మొదలెట్టాడు.

ఇప్పుడు అసలు విషయం. గాజు అరల ముందు అందరూ చేసే తప్పు ఏంటంటే పది సెకన్లు చూసి "ఇందులో ఏం లేదు" అని పక్కదానికి పోవడం. ఉంటుంది అండీ. ఒక్కో అర ముందు రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి, ఆకుల అడుగున, వెనక మూల, నీళ్ల గిన్నె అంచున, పై కొమ్మ మీద వరసగా చూసుకుంటూ రండి, చెట్టు బెరడు అనుకున్నదే నాలుక ఆడిస్తుంది. పాముకి కనురెప్పలుండవు, కళ్లు తెరిచుంది కదా మెలకువగా ఉందనుకోలేం, నిద్రపోతుందేమో కూడా, అందుకే గాజు మీద టకటక కొట్టొద్దు, పిల్లలకి కార్లోనే చెప్పి తీసుకెళ్లండి.

పెద్దవాళ్లుంటే వాళ్లనే గైడ్ చేసేయండి. మా నాన్నది చోడవరం వైపు, కింగ్ కోబ్రాని చూడగానే "ఇది గిరినాగురా, వేరే పాముల్నే తింటుంది" అని మొదలెట్టాడు, పక్కన అమెరికన్ పిల్లలు కూడా చేరారు, నేను ట్రాన్స్‌లేట్ చేయలేక చచ్చాను. నాగుపాము ముందు అమ్మ చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది. పాములు పాలు తాగవని నాన్న అక్కడే ఎత్తుకున్నాడు, ఆ గొడవ హోటల్ దాకా నడిచింది.

రంగురంగుల డార్ట్ కప్పల దగ్గర తొందరపడొద్దు. గోరంత ఉంటాయి, అడవిలో తినే పురుగుల నుంచే వాటికి విషం వస్తుంది, జూలో పెరిగినవాటికి ఆ తిండి ఉండదు కాబట్టి విషమూ ఉండదు. అయినా కప్పల్ని ముట్టుకోకపోవడమే మంచిది, మనకోసం కాదు, వాటికోసం. కప్ప చర్మం అన్నీ పీల్చేసుకుంటుంది, మన చేతికున్న శానిటైజరూ దోమల క్రీమూ దానికి ప్రమాదం.

ఫోటోలకి ఫ్లాష్ ఆపేసి ఫోన్ లెన్స్ గాజుకి ఆనించి తీయండి, తెల్లచొక్కా వేసుకుంటే మీ బొమ్మే పడుతుంది.

షోల టైమింగ్స్ లోపలికి వెళ్లగానే చూసి దాని చుట్టూ ప్లాన్ చేసుకోండి, ఎలిగేటర్ షో మిస్ అవ్వొద్దు. ఎలిగేటర్ మూతి వెడల్పుగా గుండ్రం, మొసలిది సన్నగా ఉండి నోరు మూసినా కింది పన్ను బయటికి కనిపిస్తుంది. మేనియాక్ అనే ఉప్పునీటి మొసలి ముందు నిలబడి చూసుకోండి, 15 అడుగులు దాటిన శాల్తీ.

పెద్ద తాబేళ్లని నిమరనిస్తారు, నిమిరాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తిండి. సాల్మొనెల్లా అనే బాక్టీరియా అంటుకోవచ్చు, కడుపు పాడవుతుంది, అయిదేళ్లలోపు పిల్లలైతే అసలు ముట్టుకోనివ్వద్దు.

మర్నాడు బ్యాడ్‌లాండ్స్ నేషనల్ పార్క్ ప్లాన్ ఉంటే రాటిల్‌స్నేక్ అర ముందు ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ నిలబడండి, అక్కడ బయట తిరిగేది అదే జాతి, ప్రెయిరీ రాటిల్‌స్నేక్, దాని రంగు ఎండుగడ్డిలో ఎలా కలిసిపోతుందో కళ్లకి పట్టించుకోండి. ట్రెయిల్ మీద గిలక చప్పుడు వినిపిస్తే ఎక్కడివాళ్లక్కడ ఆగి, ఎటునుంచో చూసుకుని, అప్పుడు వెనక్కి జరగండి. హవాయి చెప్పులేసుకుని గడ్డిలోకి మాత్రం దిగకండి, మా తమ్ముడిలాగా.