కన్సోల్ రేసింగ్ గేమ్ పీసీలో సరిగా అమరిందో లేదో రెండు గంటల్లో తేల్చుకోవడం ఎలా?

కన్సోల్ కోసం తయారైన రేసింగ్ గేమ్‌ను పీసీకి తెచ్చినవాళ్ళు శ్రద్ధ పెట్టారో లేదో తెలియాలంటే చూడవలసింది బొమ్మల అందం కాదు, తెర మూలన కనిపించే సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీదికి వచ్చే ఫ్రేముల, అంటే బొమ్మల సంఖ్య) అంకె కూడా కాదు. ఆ గేమ్‌లో కాలం నిలకడగా నడుస్తోందా అన్నది చూడాలి. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు సెకనుకు దాదాపు 55 మీటర్లు దాటుతుంది. ఆ వేగంలో ఒక్క ఫ్రేమ్ పదోవంతు సెకను ఆలస్యమైతే, మీరు బ్రేకు నొక్కవలసిన గుర్తు మీకు కనబడకుండానే ఐదున్నర మీటర్లు వెనక్కి పోతుంది. మిగతా రకాల గేముల్లో ఇంతటి ఆలస్యాన్ని ఓర్చుకోవచ్చు గాని, రేసింగ్‌లో దాని ఫలితం మలుపు తప్పడమే.

చెన్నైలో వేళచ్చేరి, ఓఎంఆర్ వైపు గదులు తీసుకుని ఉంటున్న మన తెలుగు కుర్రాళ్ళు గేమ్ కొన్న వారానికి వచ్చి, “అన్నా, ఈ పోర్ట్ బాగోలేదు” అంటారు. కన్సోల్ గేమ్‌కు పీసీ కోసం చేసిన రూపాన్నే పోర్ట్ అంటారు. ఏం పరీక్షించావని అడిగితే, సెట్టింగ్స్ అన్నీ అల్ట్రాకు పెట్టి, ఖాళీ రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి, అంకె చూశామంటారు. అందులో పోర్ట్ గురించి తెలిసింది ఏమీ లేదు. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న గేమ్‌ను 14 రోజుల లోపల, ఆడిన సమయం 2 గంటలు దాటకముందే అయితే వెనక్కి ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. కింద చెప్పిన పరీక్ష ఆ రెండు గంటల్లో పూర్తవుతుంది. గేమ్ తెరిచి వదిలేసిన సమయం కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి, సిద్ధం చేసుకోవలసినవన్నీ ముందే చేసుకుని కూర్చోవాలి.

కావలసినవి

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితో పాటు వచ్చే రివాట్యూనర్ స్టాటిస్టిక్స్ సర్వర్ కావాలి, రెండూ ఉచితమే. మొదటిది ఉష్ణోగ్రత, ఫ్రేముల వంటి కొలతలు చూపిస్తుంది, రెండోది సెకనుకు ఇన్ని ఫ్రేములే రావాలని పరిమితి పెడుతుంది. ఒక కంట్రోలర్ కావాలి. కీబోర్డుతో ఈ పరీక్ష చేయకూడదు, ఎందుకంటే మీట నొక్కితే పూర్తి యాక్సిలరేటర్, వదిలితే సున్నా తప్ప మధ్యస్థితి అందులో లేదు. స్టీరింగ్ వీల్ ఉంటే మంచిది గాని, దీనికోసం చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు పరుగెత్తనక్కరలేదు. వీటితో పాటు వీడియో తీయగల ఒక ఫోన్, దాన్ని కదలకుండా నిలబెట్టే స్టాండు ఉంటే చాలు.

1. ముందు మీ పీసీని అనుమానించండి

ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు తగిలించండి, పవర్ మోడ్ పెంచండి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మానిటర్ దాని పూర్తి రిఫ్రెష్ రేటుతో (సెకనుకు బొమ్మను మార్చే సంఖ్య, హెర్ట్జ్‌లలో) నడుస్తోందో లేదో చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని నెలల తరబడి 60లోనే నడుపుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. గేమ్‌ను హార్డ్‌డిస్క్‌లో కాక ఎస్‌ఎస్‌డీలోనే వేయాలి. 2020లో వచ్చిన పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కన్సోళ్ళలో ఎస్‌ఎస్‌డీ తప్పనిసరిగా ఉంటుంది కాబట్టి, వాటి కోసం తయారైన గేమ్ మీ దగ్గరా అదే ఉంటుందనుకుని నడుస్తుంది.

చెన్నైలో ఉన్నవాళ్ళకు ఇంకో మాట చెప్పాలి. మే నెలలో ఎండలు మండే అగ్నినక్షత్రం రోజుల్లో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం పూట ఈ పరీక్ష చేయకండి. ల్యాప్‌టాప్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఇరవై నిమిషాలు బాగా నడిచిన గేమ్ ఆ తరువాత నీరసపడుతుంది. నింద మాత్రం పోర్ట్ మీద పడుతుంది. రాత్రి పూట చేయండి, ఉష్ణోగ్రతను ఆఫ్టర్‌బర్నర్‌లో చూస్తూ ఉండండి.

2. సెట్టింగ్స్

మానిటర్ అసలు రిజల్యూషన్ ఉంచి, నాణ్యత మీడియంకు పెట్టండి. వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేది), మోషన్ బ్లర్ (కదలికను మసకగా చూపేది), అప్‌స్కేలింగ్ (చిన్న బొమ్మను పెద్దదిగా సాగదీసేది) మూడూ ఆపేయండి. మోషన్ బ్లర్ ఉన్నంతసేపు 30 ఫ్రేముల గేమ్ కూడా నునుపుగా ఉన్నట్టే భ్రమ కలుగుతుంది. కన్సోళ్ళలో దాన్ని వాడే కారణాల్లో అదొకటి. కెమెరా బానెట్ మీద ఉండాలి. కారు వెనక తేలే కెమెరాకు దానిదైన మెత్తటి కదలిక ఉంటుంది కాబట్టి అది తడబాట్లను కప్పిపుచ్చుతుంది. ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే తెరలో కనిపించే దృశ్యపు వెడల్పు, మార్చే అవకాశం ఉందో లేదో ఇప్పుడే చూడండి. కన్సోల్ ఆటగాడు సోఫాలో దూరంగా కూర్చుంటాడు, మీరు మానిటర్‌కు రెండడుగుల దూరంలో ఉంటారు. ఈ తేడాను గుర్తించి ఆ స్లయిడర్ ఇవ్వని పోర్ట్‌ను నేను శ్రద్ధగా చేసినదిగా లెక్కించను. 2005 నాటి నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ పీసీ రూపంలో వైడ్‌స్క్రీన్ రిజల్యూషన్లే లేవు. ఆ లోటును తరువాత అభిమానులు తయారుచేసిన ప్యాచ్ తీర్చింది.

3. చేతికి అందుతున్నదేమిటి

యాక్సిలరేటర్ ట్రిగ్గర్‌ను చాలా నెమ్మదిగా నొక్కుతూ ఇంజన్ శబ్దం వినండి. పావు వంతు నొక్కేదాకా ఏమీ కదలకపోతే డెడ్‌జోన్ ఎక్కువగా ఉన్నట్టు. దాన్ని తగ్గించే సెట్టింగ్ ఉండాలి. తరువాత బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి నొక్కి చూడండి. పాత పోర్టులు కొన్ని డైరెక్ట్‌ఇన్‌పుట్ అనే పాత విండోస్ పద్ధతిలో ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్ ట్రిగ్గర్లు రెండింటినీ ఒకే అక్షంగా చదువుతాయి కాబట్టి, రెండూ నొక్కితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వీల్ ఉన్నవాళ్ళు ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (రోడ్డును బట్టి వీల్ చేతికిచ్చే ఎదురు బలం) వస్తోందా, కేవలం వణుకు వస్తోందా అని గమనించాలి. లాజిటెక్ జీ29 లాంటి వీల్ 900 డిగ్రీలు తిరుగుతుంది. తెర మీది చేతులు, మీ చేతులు ఒకే కోణంలో తిరగకపోతే, ఆ గేమ్‌లో వీల్‌ను కంట్రోలర్ పుల్లకు మారురూపంగా మాత్రమే అమర్చారని అర్థం.

4. గడియారం పరీక్ష

అందరూ దాటవేసేదీ, చేసినవాళ్ళలో ఎక్కువమంది తప్పుగా చేసేదీ ఈ అడుగే. తక్కినవి తొందరగా ముగించినా పరవాలేదు. దీనికి మాత్రం కనీసం నలభై నిమిషాలు కేటాయించండి.

ముందుగా కారణం తెలుసుకోవాలి. కన్సోల్ అయితే అందరి దగ్గరా యంత్రం ఒక్కటే. సెకనుకు 30 ఫ్రేములో 60 ఫ్రేములో తప్పక ఇవ్వగలమని తయారీదారుకు తెలుసు కాబట్టి, ఒక్కో ఫ్రేమ్ గడిచినప్పుడు గేమ్ లోపల సరిగ్గా ముప్పయ్యో వంతు సెకనో అరవయ్యో వంతు సెకనో గడిచిందని రాసుకుంటే పని సులువవుతుంది. పీసీలో ఆ హామీ లేదు. ఒకరి దగ్గర 45 ఫ్రేములు వస్తాయి, మరొకరి దగ్గర 160 వస్తాయి. అందువల్ల శ్రద్ధ ఉన్నవాళ్ళు ఫిజిక్స్ లెక్కను, అంటే కారు కదలికను లెక్కించే పనిని, బొమ్మ గీయడం నుంచి విడదీసి, దానికి సొంతంగా స్థిరమైన అడుగు ఇచ్చి, మధ్యలో వచ్చే ఫ్రేములకు కారు స్థానాన్ని అంచనా కట్టి గీస్తారు. అది కష్టమైన పని. ఆ కష్టం పడకూడదనుకున్నవాళ్ళు పీసీలో కూడా 30 దగ్గర తాళం వేసి పంపిస్తారు. 2010లో వచ్చిన స్ప్లిట్/సెకండ్ పీసీలో 30కే పరిమితమైంది. 2013లో నీడ్ ఫర్ స్పీడ్ రైవల్స్ కూడా అలాగే వచ్చింది. అందులో సిమ్యులేషన్ రేటును (సెకనుకు ఫిజిక్స్ లెక్క ఎన్నిసార్లు జరగాలన్న అంకెను) కూడా సరిచేయకుండా పరిమితిని మాత్రమే ఎత్తేసినవాళ్ళకు గేమ్ మొత్తం రెట్టింపు వేగంతో పరుగెత్తింది.

ఇక పరీక్ష. టైమ్ ట్రయల్‌లో ఒంటరిగా, పొడి రోడ్డు మీద, ఆటోమేటిక్ గేర్లతో, పొడవైన నేరు రోడ్డు ఉన్న ట్రాక్ ఎంచుకోండి. రివాట్యూనర్‌లో పరిమితిని 30కి పెట్టండి. ఫోన్‌ను స్టాండు మీద నిలబెట్టి, స్పీడోమీటర్, గేమ్ టైమర్ రెండూ కనిపించేలా వీడియో తీస్తూ, పూర్తి యాక్సిలరేటర్‌తో 100 నుంచి 200 కిలోమీటర్ల వేగం అందుకోండి. నిలిచిన చోటు నుంచి బయలుదేరవద్దు, ఎందుకంటే చక్రాలు జారడం వల్ల ప్రతిసారీ తేడా వస్తుంది. ఇదే పనిని 60 దగ్గర, ఆ తరువాత పరిమితి లేకుండా చేయండి. ఒక్కోదాన్ని కనీసం మూడుసార్లు చేయాలి.

ఇప్పుడు ప్రతి పరుగుకూ మీ దగ్గర రెండు సమయాలు ఉంటాయి: గేమ్ టైమర్ చూపినది, ఫోన్ వీడియోలో నిజంగా గడిచినది. రెండూ అవసరమే, ఎందుకంటే గేమ్ మొత్తం నెమ్మదించినప్పుడు దాని టైమర్ కూడా వెంట నెమ్మదించి, అంతా సవ్యంగా ఉన్నట్టే చూపిస్తుంది. మూడు పరిమితుల దగ్గరా రెండు సమయాలూ ఒకటిగా ఉంటే పోర్ట్ సరిగా ఉంది. గేమ్ టైమర్ మారకుండా ఫోన్ సమయం మాత్రం మారుతుంటే, గేమ్ గడియారమే ఫ్రేముల లెక్కకు కట్టుబడి ఉంది. టైమరూ ఫోనూ ఒకదానితో ఒకటి సరిపోతున్నా 30 దగ్గర ఒక సమయం, 60 దగ్గర ఇంకో సమయం వస్తుంటే, గడియారం బాగానే ఉంది గాని ఫిజిక్స్ లెక్క ఫ్రేములను బట్టి మారుతోంది. ఈ రెండు లోపాల్లో ఎక్కువ ప్రమాదకరమైనది చివరిదే. ఎందుకంటే చూడ్డానికి ఏ లోపమూ కనబడదు, అయినా ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాడి కారు, మీ కారు ఒకే ట్రాక్ మీద ఒకేలా ప్రవర్తించవు.

జాగ్రత్తలు ఉన్నాయి, ఒక్కటీ వదలకండి. ఈ అడుగులో పరిమితి ఒకే చోట ఉండాలి. గేమ్‌లో ఒకటి, డ్రైవర్‌లో ఒకటి, రివాట్యూనర్‌లో ఒకటి పెడితే ఏది పనిచేస్తోందో తెలియదు. వీ-సింక్‌తో పరిమితి పెట్టకూడదు. చాలా గేముల్లో 60 అందనప్పుడు అది ఒక్కసారిగా 30కి దించుతుంది. ఆన్‌లైన్ రేసులో ఈ పరీక్ష చేయకూడదు, అక్కడి కాలాన్ని సర్వర్ దిద్దుతూ ఉంటుంది. మోసాన్ని అడ్డుకునే యాంటీ-చీట్ ప్రోగ్రామ్ వల్ల రివాట్యూనర్ తెరుచుకోకపోతే దాన్ని బలవంతంగా నడపాలని చూడకుండా గేమ్ సొంత పరిమితినీ, స్టీమ్ ఎఫ్‌పీఎస్ అంకెనూ వాడండి. పరీక్ష ముగియకముందే ఎవరో చెప్పినట్టు గేమ్ సెట్టింగ్స్ ఫైళ్ళలో (కాన్ఫిగ్) మార్పులు చేయకండి, చేస్తే మీరు కొలిచేది ఆ మార్పునే. చేతితో నడిపిన పూర్తి ల్యాప్ సమయాలను పోల్చకండి, ఏ మనిషీ రెండు ల్యాపులు ఒకేలా నడపలేడు. ఫోన్ వీడియోలోనూ కొద్దిపాటి పొరపాటు ఉంటుంది కాబట్టి పది సెకన్ల పరుగులో పదోవంతు సెకను తేడాను పట్టించుకోవద్దు. అర సెకను తేడా పదేపదే వస్తే మాత్రం అది పోర్ట్ లోపమే. ఇంకొక సంగతి: ఫ్రేములు మరీ కిందికి పడిపోయినప్పుడు ఫిజిక్స్ చెదిరిపోకుండా గేమ్‌ను కావాలనే నెమ్మదించేలా చాలామంది తయారీదారులు ఏర్పాటు చేస్తారు. దాన్ని తప్పుగా ఎంచకూడదు.

పోలిక వీడియోలు చూస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ఆ పీసీ మీది కాదు. పైగా యూట్యూబ్ వీడియో సెకనుకు 60 ఫ్రేములు మించదు కాబట్టి, 144 హెర్ట్జ్ మానిటర్ మీద ఏం జరుగుతుందో అది చూపించనే లేదు. అవి రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి నీడలను, చెట్లను పోలుస్తాయి. కారు 100 నుంచి 200కి ఎన్ని సెకన్లలో వెళ్ళిందో చెప్పినది నాకు అరుదుగా కూడా కనబడలేదు.

5. ఫ్రేమ్‌టైమ్ గీత

ఆఫ్టర్‌బర్నర్‌లో ఫ్రేమ్‌టైమ్‌ను (ఒక్కో ఫ్రేమ్ రావడానికి పట్టిన సమయాన్ని) గ్రాఫ్‌గా పెట్టుకుని, వాన పడే రాత్రి రేసులో, పూర్తి సంఖ్యలో ప్రత్యర్థులతో, చివరి స్థానం నుంచి బయలుదేరండి. 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. అయితే 59 ఫ్రేములు 15 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి ఒక్కటి 115 తీసుకున్నా, ఆ సెకను సగటు 60 గానే కనిపిస్తుంది. సగటును నమ్మవద్దని చెప్పేది ఇందుకే. గీత చదునుగా ఉండాలి; 60 దగ్గర ఎగుడుదిగుళ్ళతో ఉన్న గేమ్ కన్నా 50 దగ్గర చదునుగా ఉన్న గేమ్‌లో బ్రేకు గుర్తును నమ్మకంగా అందుకోగలరు.

ఒకే ట్రాక్‌ను మూడు ల్యాపులు నడిపి గీత ఎక్కడ లేస్తోందో చూడండి. మొదటి ల్యాపులో లేచి తరువాత సర్దుకుంటే అది షేడర్లు (వెలుగు, రంగులు ఎలా గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాములు) తయారవడం వల్ల వచ్చింది. కన్సోల్‌లో గ్రాఫిక్స్ చిప్ ఒక్కటే కాబట్టి షేడర్లను ముందే తయారుచేసి ఇస్తారు. పీసీలో మీ కార్డుకు తగ్గట్టు అప్పటికప్పుడు తయారవాలి. శ్రద్ధ ఉన్న పోర్ట్ ఆ పనిని మొదటిసారి తెరిచినప్పుడే ముగిస్తుంది, అందుకు పట్టే పది నిమిషాలను చూసి విసుక్కోకండి. ప్రతి ల్యాపులోనూ అదే మలుపు దగ్గర లేస్తే, ముందున్న ట్రాక్ భాగాన్ని డిస్క్ నుంచి తెచ్చుకోవడం సరిగా జరగడం లేదు. ఎక్కడపడితే అక్కడ లేస్తే మీ పీసీలో వెనక నడుస్తున్న మరేదో కారణం. గ్రాఫిక్స్ కార్డు సగం ఖాళీగా ఉండి, ప్రాసెసర్‌లో ఒక్క కోర్ మాత్రం నిండిపోతుంటే, పనిని కోర్ల మధ్య పంచలేదన్నమాట. 2016లో ఫోర్జా హొరైజన్ 3 పీసీలో వచ్చినప్పుడు ఇలాంటి ప్రాసెసర్ తడబాటే ఎక్కువమందిని బాధించింది. 2018లో వచ్చిన ఫోర్జా హొరైజన్ 4 అదే సంస్థ చేతిలో ఎంతో మెరుగ్గా అమరింది.

6. ఉంచుకోవాలా, ఇచ్చేయాలా

గడియారం పరీక్షలో తప్పిన గేమ్‌ను వెంటనే వెనక్కి ఇవ్వండి. ప్యాచ్ వస్తుందని ఆగకండి, గేమ్ పునాదిలో ఉన్న లెక్కను తరువాత మార్చడం అరుదు. ప్యాచ్ వస్తే అప్పుడు మళ్ళీ కొనుక్కోవచ్చు. షేడర్ల తడబాటు మాత్రమే ఉంటే ఉంచుకోండి, అది తగ్గే జబ్బే. కంట్రోలర్ దగ్గరి చిన్న లోపాలను చాలావరకు స్టీమ్‌లోని కంట్రోలర్ సెట్టింగ్స్ అయిన స్టీమ్ ఇన్‌పుట్‌లో సరిచేసుకోవచ్చు. 2008లో కన్సోళ్ళలోనూ 2009లో పీసీలోనూ వచ్చిన బర్నౌట్ ప్యారడైజ్ సాధారణమైన యంత్రాల మీద కూడా 60 ఫ్రేములను నిలబెట్టుకుంది కాబట్టి, 30 దగ్గర తాళం వేసిన పోర్ట్‌కు సర్దుకోవలసిన అవసరం మీకు లేదు.

ఉంచుకున్న గేమ్‌కు చివరిగా ఒక పని చేయండి. వాన రేసులో అతి భారమైన చోట సెకనుకు ఎన్ని ఫ్రేములు నిలిచాయో చూసి, దానికన్నా రెండు మూడు ఫ్రేములు తక్కువగా రివాట్యూనర్‌లో శాశ్వత పరిమితి పెట్టండి. ఫ్రేములకు తగ్గట్టు తన రిఫ్రెష్ రేటును మార్చుకునే ఫ్రీసింక్ లేదా జీ-సింక్ ఉన్న మానిటరైతే దాన్ని ఆన్ చేయండి, గేమ్‌లోని వీ-సింక్‌ను మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి. ఆ తరువాతే గ్రాఫిక్స్ నాణ్యతను ఒక్కొక్క మెట్టుగా పెంచుతూ, గీత చెదిరిన మెట్టు దగ్గర ఒకటి వెనక్కి రండి.