ప్లాటుకు బయానా ఇచ్చే ముందు ఒక్క కాగితం మీద వేయాల్సిన లెక్క

చిట్యాల దాటాక హైవే పక్కన బోర్డు చూసి, కారు దిగి, రంగు రాళ్లు పాతిన పత్తి చేనులో నిలబడి ఫోటో దిగి, అక్కడికక్కడే బయానా ఇచ్చి వచ్చేవాళ్లు మన దగ్గర ఎంతమందో. ఒకప్పుడు నేనూ ఇచ్చినవాడినే. ఇప్పుడు ఎవరైనా "అన్నా, ఒక జాగ చూసినం" అంటే ముందు కాగితం, పెన్ను తెమ్మంటా.

200 గజాలు, గజం 9,000 అనుకుందాం. 18 లక్షలు. కానీ మీ జేబులోంచి పోయేది 18 లక్షలు కాదు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో 2021 జులై నుంచి 7.5 శాతం, అంటే 1,35,000. మధ్యవర్తికి ఒక శాతం వేసుకున్నా 18,000. డాక్యుమెంటు రాసినాయనకు, ఈసీకి (భూమి మీద పాత లావాదేవీలు, అప్పులు చూపించే సర్టిఫికెట్), జిరాక్సులకు, సాక్షుల టిఫిన్లకు ఇంకో 7,000. మొత్తం 19,60,000. "అసలు ధర కాదు, గవర్నమెంట్ పెట్టిన తక్కువ రేటుకే రాయిద్దాం సార్, ఖర్చు తగ్గుతది" అంటారు బ్రోకర్లు. తగ్గేది ఈరోజే, రేపు అమ్మేనాడు మీరు కొన్న ధర కాగితం మీద తక్కువ ఉంటుంది కాబట్టి లాభం ఎక్కువ కనపడి, రెండేళ్లు దాటాక అమ్మినా ఆ లాభం మీద 12.5 శాతం పన్ను కట్టాలి.

ఇప్పుడు అసలు లెక్క. అదే 19,60,000 బ్యాంకులో 7 శాతానికి ఫిక్స్‌డ్ వేసి మర్చిపోతే ఐదేళ్లకు దాదాపు 27.5 లక్షలు అవుతుంది. అంటే మీ ప్లాటు ఐదేళ్లకు గజం 13,750 పలికితే మీరు సంపాదించింది ఏమీ లేదు, బ్యాంకుతో సమానం అయ్యారంతే, పన్నులు రెండు వైపులా పక్కన పెట్టినా. "మూడేళ్లల్ల డబుల్" అని చెప్పినవాడు ఏటా 26 శాతం పెరుగుతుందని చెబుతున్నాడన్నమాట. ఆయన నోట ఆ శాతం ఎప్పుడూ రాదు.

అప్పు చేస్తే కథే మారిపోతుంది. 10 లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చారనుకోండి. నెలకు 20,000, మూడేళ్లకు 7,20,000. దాన్ని 200తో భాగిస్తే గజానికి 3,600. తొమ్మిది వేల గజం మీకు 12,600 పడింది, అదీ అసలు కట్టకముందే. నా దెబ్బ ఇక్కడే తగిలింది. రింగు రోడ్డు వస్తుందని కొన్నా, మిత్తి నెలనెలా వచ్చింది, రోడ్డు మాత్రం కాగితం మీదే ఉంది.

ఇంకో చిన్న పని. వెంచర్ వెనక ఉన్న చేను ఎకరం ఎంతో ఆ రైతునే అడగండి, బ్రోకర్‌ను కాదు. ఎకరానికి 4,840 గజాలు, రోడ్లకు, పార్కుకు పోగా సగం కంటే కాస్త ఎక్కువ మిగులుతుంది, 2,600 అనుకోండి. ఎకరం 80 లక్షలైతే గజానికి భూమి ఖర్చు మూడు వేల చిల్లర. మట్టి రోడ్లు, కరెంటు స్తంభాలు, అనుమతులు కలుపుకున్నా తొమ్మిది వేలకు ఎంత దూరమో మీరే చూసుకోండి. లేఔట్ అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సరిచూడటం ఈ లెక్కలన్నిటికంటే ముందు జరగాలి, అవి లేకపోతే కాగితం చింపేసి ఇంటికి రావచ్చు.

ఇల్లు కొని కిరాయికి ఇద్దామనుకునేవాళ్లకు లెక్క ఇంకా చిన్నది. మహబూబ్‌నగర్‌లో 60 లక్షల ఇంటికి నెలకు 12,000 వస్తుందనుకుందాం. ఏడాదికి 1,44,000. ఒక నెల ఖాళీ, ఇంటి పన్ను, సున్నం, మోటారు రిపేరు తీసేస్తే రెండు శాతం చేతికి రావడం కష్టం. 45 లక్షలు 9 శాతానికి ఇరవై ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ 40,500 పడుతుంది, మిగతా 28,500 మీ జీతంలోంచే.

ఇవన్నీ అయ్యాక ఆ వెంచర్ బ్రోకర్‌కే వేరే నంబరు నుంచి ఫోన్ చేసి, "అదే లేఔట్ల నాకు 200 గజాలున్నయి, అమ్ముతా, ఎంతిప్పిస్తవ్?" అని అడిగి చూడండి. నేను అడిగితే, మొన్నటిదాకా ప్లాట్లు అయిపోతున్నాయని తొందరపెట్టినాయన, "దసరా పోనీ సార్, చూద్దాం" అన్నాడు.