విండోస్ 11 అప్‌గ్రేడ్ మధ్యలో ఆగి మళ్లీ విండోస్ 10కే వచ్చేస్తే ఏం చేయాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఆ కారణంగా విండోస్ 11కు మారబోయినవారిలో కొందరికి, పని చాలా దూరం సాగాక ఆగిపోయి, కంప్యూటర్ రెండు మూడుసార్లు రీస్టార్ట్ అయి, చివరకు పాత తెరే కనిపిస్తుంది. ఇలా వెనక్కి రావడం సెటప్‌లోనే ఉన్న రక్షణ ఏర్పాటు కనుక ఫైళ్లు సాధారణంగా ఎక్కడివక్కడే ఉంటాయి. అందువల్ల కారణం తెలుసుకోకుండా డిస్క్‌ను ఫార్మాట్ చేయించడానికి తొందరపడకూడదు. ముఖ్యమైన ఫైళ్లను మాత్రం ముందుగా వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి.

మొదటి మెట్టు: లోపం సంఖ్యను చదవడం

తెరపై కనిపించిన సంఖ్యను ఫోన్‌తో ఫోటో తీసుకోండి. అప్పుడు చూడలేకపోతే సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ విభాగంలో, అప్‌డేట్ హిస్టరీ కింద వెతకవచ్చు. చాలామంది పట్టించుకోని విషయం ఏమిటంటే, ఈ సంఖ్యకు తరచుగా రెండు భాగాలు ఉంటాయి. ఉదాహరణకు 0ఎక్స్‌సి1900101 - 0ఎక్స్20017 అని వస్తే, మొదటి భాగం లోపం ఏ రకానిదో చెబుతుంది; రెండో భాగంలో ఎక్స్ తరువాత వచ్చే తొలి అంకె అది ఏ దశలో జరిగిందో చెబుతుంది. 1 ఉంటే పాత విండోస్ నడుస్తుండగానే, 2 ఉంటే రీస్టార్ట్ తరువాత ఫైళ్లను అమర్చే దశలో, 3 ఉంటే కొత్త విండోస్ తొలిసారి లేచినప్పుడు, 4 ఉంటే చివరి ఏర్పాట్లలో పని చెడిందని అర్థం. ఎంత శాతం దగ్గర ఆగిందన్న దానికంటే ఈ ఒక్క అంకె ఎక్కువ ఉపయోగపడుతుంది.

రెండో మెట్టు: సంఖ్యను బట్టి చికిత్స

సంఖ్య 1900200తో ముగిస్తే కంప్యూటర్ కనీస అర్హతలను అందుకోలేదని భావించాలి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, సెక్యూర్ బూట్‌కు (కంప్యూటర్ లేచేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) వీలు, టీపీఎం 2.0 (రహస్య కీలను దాచే భద్రతా ఏర్పాటు)తో పాటు ఆమోదిత జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్‌లో ఆ జాబితా ప్రధానంగా ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (విండోస్ లేవకముందే నడిచే, యంత్రం మూల సెట్టింగులుండే ప్రోగ్రామ్‌లో) ఆపివేసి ఉండవచ్చు. ఇంటెల్ యంత్రాలలో అది పీటీటీ అనే పేరుతో, ఏఎండీ యంత్రాలలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో కనిపిస్తుంది. బయోస్‌ను తాకేముందు, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపి, దాని రికవరీ కీని కాగితంపై రాసుకోవాలి; లేకపోతే తరువాత మీ కంప్యూటరే మిమ్మల్ని లోపలికి రానివ్వకపోవచ్చు.

80070070 అంటే సీ డ్రైవ్‌లో చోటు చాలలేదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను, వీడియోలను వేరే డిస్క్‌కు మార్చండి. సి1900208 వస్తే పొసగని ప్రోగ్రామ్ ఏదో అడ్డుపడుతోంది. దానిని తొలగించి మళ్లీ ప్రయత్నించాలి.

ఎక్కువ సతాయించేది సి1900101. ఇది సాధారణంగా డ్రైవర్ల, అంటే పరికరాలను విండోస్‌తో కలిపి నడిపే చిన్న ప్రోగ్రాముల గొడవ. కీబోర్డు, మౌస్ మినహా ప్రింటరు, వెబ్‌క్యామ్, పెన్ డ్రైవ్, డాంగిల్ వంటివన్నీ తీసివేయండి. విడిగా వేసుకున్న యాంటీవైరస్‌ను ఆపితే చాలదు, పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. తరువాత లాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి గ్రాఫిక్స్, వైఫై, స్టోరేజ్ డ్రైవర్లనూ బయోస్‌నూ నవీకరించండి. డ్రైవర్లను వెతికిపెడతామనే ఉచిత ప్రోగ్రాములను నేను సిఫారసు చేయను. అవి తెచ్చే తలనొప్పి వేరు. ఏ డ్రైవరు కారణమో తేలకపోతే, మైక్రోసాఫ్ట్ ఇచ్చే సెటప్‌డయాగ్ అనే సాధనం లాగ్ ఫైళ్లను (సెటప్ తన పనిని నమోదు చేసుకునే ఫైళ్లను) చదివి కారణాన్ని చూపే ప్రయత్నం చేస్తుంది.

మూడో మెట్టు: పాత విండోస్‌ను బాగుచేయడం

కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ముందుగా DISM /Online /Cleanup-Image /RestoreHealth, అది పూర్తయ్యాక sfc /scannow అనే ఆదేశాలను టైపు చేసి నడపాలి. మొదటిది కాసేపు కదలనట్టు కనిపించినా విండోను మూసివేయకూడదు.

నాలుగో మెట్టు: మళ్లీ ప్రయత్నించడం

ఈసారి విండోస్ అప్‌డేట్‌ను పక్కనపెట్టి, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ 11 ఐఎస్ఓ ఫైలును (సెటప్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) దింపుకొని, దానిపై రెండుసార్లు క్లిక్ చేసి, లోపలి సెటప్‌ను పాత విండోస్‌లో నుంచే నడపండి. ఫైళ్లను, యాప్‌లను ఉంచుకోవాలనే ఎంపిక ఉందో లేదో చూసుకున్నాకే ముందుకు వెళ్లాలి. కరెంటు పోయే అవకాశం ఉంటే డెస్క్‌టాప్‌ను యూపీఎస్‌పైన, లాప్‌టాప్‌ను ఛార్జర్ పెట్టి నడపడం అవసరం.

అప్‌గ్రేడ్ పూర్తయ్యాక సీ డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ అనే పెద్ద ఫోల్డర్ కనిపిస్తుంది. చోటు కోసమని దానిని వెంటనే తొలగించవద్దు. కొత్త విండోస్‌లో ప్రింటరో, ఆఫీసు సాఫ్ట్‌వేరో పనిచేయకపోతే పది రోజులలోపు సెట్టింగ్స్‌లోని రికవరీ నుంచి విండోస్ 10కు తిరిగి వెళ్లడానికి ఆ ఫోల్డరే ఆధారం.