షుగర్, స్టెంట్ ఉన్నా హెల్త్ పాలసీ: ఫారం నింపే దగ్గరే జాగ్రత్త

“షుగర్ ఉందాండీ?” అని అడిగితే మా ఖమ్మంలో ఎక్కువ మంది చెప్పేది ఒకటే: “బోర్డర్‌లో ఉందమ్మా.” రెండు పూటలా గోళీ వేసుకుంటూనే! ఏజెంటుగా నేను ప్రపోజల్ ఫారంలో (పాలసీ కోసం పెట్టే దరఖాస్తు) బోర్డర్ అని రాయను. ఏ సంవత్సరం నుంచి, ఏ గోళీ, ఆఖరి రిపోర్టులో ఎంత, అన్నీ రాస్తాను. స్టెంట్ వేసుంటే డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్సు జత చేస్తాను. “లేదని టిక్ పెట్టేద్దాం” అనే ఏజెంటుకి అక్కడే దండం పెట్టేయండి. కమిషన్ ఆయనకి, క్లెయిమ్ గొడవ మీకు.

నిజం రాస్తే ప్రీమియం పెరగొచ్చు, ఒక కంపెనీ కాదనొచ్చు కూడా. కారణం రాతపూర్వకంగా అడిగి, ఇంకో కంపెనీకి వెళ్లండి. పాలసీ ఇచ్చాక మాత్రం పాత జబ్బుకి మూడేళ్లకు మించి వెయిటింగ్ (ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వని కాలం) పెట్టకూడదు. 2024 ఏప్రిల్‌కి ముందు అది నాలుగేళ్లు. ఆపకుండా 60 నెలలు కడితే, మోసం రుజువైతే తప్ప “జబ్బు దాచారు” అని క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. ఒకసారి క్లెయిమ్ తీసుకున్నారని రెన్యువల్ ఆపకూడదు. కంపెనీ మారాలంటే గడువుకి కనీసం 45 రోజుల ముందే పోర్టింగ్‌కి అప్లై చేయండి, గడిచిన వెయిటింగ్ లెక్కలోకి వస్తుంది.

అసలు చిక్కు క్యాజువాలిటీలో వస్తుంది. డ్యూటీ డాక్టరు “బీపీ ఎన్నాళ్ల నుంచి?” అంటారు. పక్కనున్న కొడుకు టెన్షన్‌లో “ఓ పదేళ్ల నుంచి సార్” అనేస్తాడు. నిజానికి నాలుగేళ్లే. కేస్ షీట్లో పది అని పడుతుంది, ఫారంలో జబ్బు దాచారంటూ కంపెనీ ఆ లైనే పట్టుకుంటుంది. అందుకే మొదటి ప్రిస్క్రిప్షన్ ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. తప్పు పడితే, డిశ్చార్జ్ కాకముందే చూసే డాక్టరు చేత సరిచేయించి సంతకం పెట్టించుకోండి.

అయినా క్లెయిమ్ కొట్టేశారా? ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. బీమా కంపెనీలపై ప్రభుత్వ నియంత్రణ సంస్థ IRDAI ఫిర్యాదులు తీసుకునే బీమా భరోసా నంబరు 155255కి కూడా చెప్పొచ్చు. నెలలో తేలకపోతే బీమా తగాదాలు తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, రెండు తెలుగు రాష్ట్రాలకీ అదే ఆఫీసు. 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. మీ ఫిర్యాదుని కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. ప్రపోజల్ ఫారం కాపీ, క్లెయిమ్ తిరస్కరించిన లెటర్, డాక్టరు సంతకం చేసిన కాగితం జిరాక్సులు ఫిర్యాదుతో పాటే పెట్టండి.