ఓ గోల్ఫర్ అంటే జనానికి ఎందుకు పడదో టీవీ ముందే తేల్చుకోవడం ఎలా

విజయవాడలోనో గుంటూరులోనో కూర్చుని కొత్తగా గోల్ఫ్ చూడటం మొదలుపెట్టినవాళ్ళకి ముందు అర్థంకానిది ఒకటుంటుంది. ఆట ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా సాగుతుంటుంది కదా, మరి ఫలానా ఆటగాడు రాగానే గట్టున నిలబడ్డ జనం ఎందుకు గేలి చేస్తారు? అతను ఎవర్నీ తిట్టలేదు, కొట్టలేదు. దీనికి జవాబు వ్యాఖ్యాతలు చెప్పరు, తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాబట్టి మీరే తేల్చుకోవాలి. అందుకు కావలసినవి ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒక నోట్‌బుక్కు, ఓ బేసిన్ పొడి ఇసుక.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. క్రికెట్లోలాగా గోల్ఫ్‌లో ప్రతి బంతికీ అంపైర్ నిలబడడు. రూల్స్ అఫీషియల్స్ ఉంటారు గానీ వాళ్ళు మైదానమంతా చెదిరి ఉంటారు, పిలిస్తే వస్తారు. పొదల్లో బంతి కాస్త కదిలితే చూసేది ఆ ఆటగాడొక్కడే. తన మీద తనే పెనాల్టీ వేసుకోవాలి. 1925 యూఎస్ ఓపెన్‌లో అమెరికా గోల్ఫర్ బాబీ జోన్స్ తన బంతి కదిలిందని తనే చెప్పి ఒక స్ట్రోక్ పెనాల్టీ వేయించుకున్నాడు (స్ట్రోక్ అంటే బంతికి ఒక దెబ్బ, తక్కువ దెబ్బల్లో ముగించినవాడే గెలుస్తాడు), చివరికి స్కోరు సమమై జరిగిన ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. వందేళ్ళయినా ఆ మాట చెప్పుకుంటూనే ఉన్నారు. మన వీధి క్రికెట్లో కూడా అంతే కదా. కీపర్ పట్టిన బంతి బ్యాట్‌కి తగిలిందా అంటే బ్యాట్ పట్టుకున్నవాడు చెప్పిందే నమ్ముతాం. ఒకసారి అబద్ధమాడి దొరికిపోతే ఆ సందులో వాణ్ణి మళ్ళీ ఎవరూ నమ్మరు. గోల్ఫ్ అభిమానుల అయిష్టంలో లోతుగా పాతుకునేది ఈ తొండి అనుమానమే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇసుక పరీక్ష

తొండి అంటే ఇక్కడ ఏమిటో కంటితో చూస్తే గానీ తెలియదు. ఎక్కడైనా ఇల్లు కడుతుంటే కాస్త పొడి ఇసుక అడిగి తెచ్చుకోండి. జల్లించిన కృష్ణా ఇసుకైతే మరీ మంచిది. వెడల్పాటి బేసిన్‌లో నాలుగంగుళాల మందాన పోసి పైన చదును చేయండి. గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బంతి లేకపోతే గుండ్రంగా ఉన్న మధ్యరకం నిమ్మకాయ తీసుకోండి, దాదాపు అంతే ఉంటుంది. దాన్ని ఇసుకలో మూడో వంతు దిగేలా నొక్కండి. అట్లకాడని నిమ్మకాయకి రెండంగుళాలు వెనక పెట్టి, కాయ అడుగుకి తగిలేలా ముందుకు తోయండి. మధ్యలో ఉన్న ఇసుక అడ్డం పడుతుంది, అట్లకాడ పైకి లేస్తుంది, కాయ కొంచెమే కదులుతుంది.

ఇప్పుడు కాయని మళ్ళీ అలాగే నొక్కండి. ఈసారి తోసే ముందు దాని వెనక ఇసుకని అట్లకాడతో రెండుసార్లు తేలిగ్గా వెనక్కి గీకండి. తర్వాత తోయండి. మధ్యలో అడ్డేమీ లేదు, అంచు సరాసరి కాయకే తగులుతుంది, కాయ గెంతుతుంది. ఆ తేడా కోసమే ఇంత గొడవ.

2019 డిసెంబరులో బహామాస్‌లో జరిగిన హీరో వరల్డ్ ఛాలెంజ్ మూడో రౌండ్లో అమెరికా గోల్ఫర్ ప్యాట్రిక్ రీడ్ రెండు ప్రాక్టీస్ స్వింగుల్లో బంతి వెనక ఇసుక తొలగడం కెమెరాకి చిక్కింది. ఇక్కడే చాలామంది పొరబడతారు. అది బంకర్ (ఆటకి అడ్డంకిగా తవ్వి పెట్టిన ఇసుక గుంట) కాదు, వేస్ట్ ఏరియా (అలా వదిలేసిన ఇసుక నేల). చూడటానికి బంకర్‌లాగే ఉన్నా రూల్స్ లెక్కన మామూలు నేల కిందే జమ. బంకర్‌లో అయితే ప్రాక్టీస్ స్వింగ్‌లో ఇసుకని తాకడమే తప్పు. వేస్ట్ ఏరియాలో క్లబ్ (బంతిని కొట్టే కర్ర) నేలకి ఆనించవచ్చు, ప్రాక్టీస్ స్వింగ్ చేసుకోవచ్చు, బంతి వెనక ఇసుక తీసి మాత్రం షాట్ సులువు చేసుకోకూడదు. రూల్ 8.1 అదే. పెనాల్టీ రెండు స్ట్రోకులు. టోర్నమెంట్ అయ్యేసరికి గెలిచిన హెన్రిక్ స్టెన్సన్‌కి రీడ్ సరిగ్గా రెండు స్ట్రోకుల వెనక నిలిచాడు.

పెనాల్టీ పడింది కాబట్టి లెక్క సరిపోయింది అనుకోవచ్చు. జనం దగ్గర సరిపోలేదు. కెమెరా కోణం వల్ల అలా కనబడిందని రీడ్ అన్నాడు. ఆ మరుసటి వారమే మెల్‌బోర్న్‌లో ప్రెసిడెంట్స్ కప్, అమెరికా జట్టుకీ యూరప్ బయటి దేశాల జట్టుకీ పోటీ. జనం గేలి చేస్తుంటే, పుట్ (బంతిని రంధ్రంలోకి దొర్లించే దెబ్బ) పడ్డాక పారతో ఇసుక ఎత్తిపోస్తున్నట్టు సైగ చేశాడు. తప్పు చేసినవాణ్ణి గోల్ఫ్ అభిమాని క్షమిస్తాడు, తప్పుని తేలిగ్గా తీసుకున్నవాణ్ణి క్షమించడు. అతని మీద ఏళ్ళ తరబడి నిలిచిన కోపానికి ఇసుక సగం కారణమైతే ఆ సైగ మిగతా సగం. మా అంచనా ఇదే.

పక్కన పెట్టి పోల్చడానికి అమెరికా గోల్ఫర్ లెక్సీ థామ్సన్ ఉదంతం చూడండి. 2017 ఏఎన్ఏ ఇన్‌స్పిరేషన్ మూడో రౌండ్లో, గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద గుర్తు పెట్టి ఎత్తిన బంతిని తిరిగి పెట్టేటప్పుడు ఓ అంగుళం పక్కన పెట్టింది. టీవీ చూస్తున్న ఒకరు ఈమెయిల్ పంపారు. మర్నాడు ఆధిక్యంలో ఆడుతుండగా నాలుగు స్ట్రోకుల పెనాల్టీ చెప్పారు: బంతి తప్పు చోట పెట్టినందుకు రెండు, అది కలపక స్కోర్ కార్డు తప్పయినందుకు రెండు. ఆమె ఏడ్చుకుంటూనే ఆట పూర్తి చేసి ప్లేఆఫ్‌లో ఓడింది. జనం కోపమంతా రూల్ మీదికి వెళ్ళింది, ఆమె మీదికి కాదు. ఆ ఏడాది చివరికి పాలక సంస్థలు ఇంటి నుంచి వచ్చే ఫిర్యాదుల్ని పట్టించుకోబోమని ప్రకటించాయి, 2018 నుంచి అది అమలైంది. రెండు ఉదంతాల్లోనూ బంతి పరిస్థితే మారింది. జనం చూసింది తర్వాత ఆ మనిషి ఎలా నిలబడ్డాడన్నదే.

కాబట్టి వివాదం కనబడితే ఇలా పరిశీలించండి. బంతి ఎక్కడుంది? బంకరా, గ్రీనా, మామూలు నేలా? రూల్ దాన్ని బట్టే మారుతుంది. ఆటగాడు బంతిని తాకాక అఫీషియల్‌ని పిలిచాడా, తాకకముందే పిలిచాడా? 2021లో కాలిఫోర్నియాలోని టోరీ పైన్స్‌లో ఇదే రీడ్, బంతి నేలలో కూరుకుపోయిందని గుర్తు పెట్టి ఎత్తి, ఆ తర్వాత అఫీషియల్‌ని పిలిచాడు. అలా కూరుకుపోయిన బంతిని పెనాల్టీ లేకుండా పక్కకి మార్చుకోవచ్చు. కానీ బంతి నేలని తాకి ఒకసారి ఎగిరిందని రీప్లేలో కనబడింది, ఎగిరి పడ్డ బంతి కూరుకుపోవడం అరుదు. ఎత్తే ముందు పిలవాలన్న నిర్బంధం రూల్స్‌లో లేదు, తప్పేమీ లేదనే తేల్చారు. అయిదు స్ట్రోకుల తేడాతో గెలిచాడు కూడా. అయినా పాత అనుమానం ఉండటంతో జనం నమ్మలేదు. అదే రోజు రోరీ మెకిల్రాయ్ కూడా అలాగే ఎత్తి ఊరట తీసుకున్నాడు, అతని మీద ఎవరూ కోపం తెచ్చుకోలేదు. ఇలాంటి చోట నోట్‌బుక్కులో రెండు గడులు పెట్టుకోండి. ఒకదాంట్లో రూల్ తీర్పు, ఇంకోదాంట్లో జనం తీర్పు. రెండూ ఎప్పుడూ కలపకండి.

క్లిప్పుల విషయంలో జాగ్రత్త. వాట్సాప్‌లో తిరిగే పదిహేను సెకన్ల ముక్కలో పెనాల్టీ పడిందో లేదో ఉండదు. పూర్తి దృశ్యం, ఆ రౌండ్ చివరి స్కోరు చూశాకే రాసుకోండి.

సాగదీతని లెక్కపెట్టడం

రెండో కారణం నెమ్మది. ఇది కొలవడానికి వీలైనది, అయినా సరిగ్గా కొలిచేవాళ్ళు తక్కువ. అడ్డంకి లేకుండా ఆడగలిగిన క్షణం నుంచి 40 సెకన్లలోపు ఆడమని రూల్ 5.6 చెబుతుంది. అది సిఫారసే, దాటగానే పెనాల్టీ పడదు. స్టాప్‌వాచ్ నొక్కాల్సింది ఆటగాడు బంతి దగ్గరికి చేరినప్పుడు కాదు. ముందు ఆడినవాళ్ళ బంతి ఆగి, వంతు ఇతనిదై, ముందున్న గుంపు దూరం జరిగాక నొక్కాలి. క్లబ్ బంతికి తగలగానే ఆపండి. మధ్యలో టీవీవాళ్ళు వేరే హోల్ చూపిస్తే ఆ కొలత కొట్టేయండి. చాలా షాట్లు కాసేపటి కిందట ఆడినవాటినే చూపిస్తారు, వాటితో లెక్క తప్పుతుంది. అంతరాయం లేని పది షాట్లు కొలిచి సగటు తీయండి. ఒక్క కష్టమైన షాట్ చూసి మనిషి నస అని రాయకండి.

షాట్‌కి 20 సెకన్లు ఎక్కువైతే ఏమవుతుందంటారా? 70 షాట్లకి 1,400 సెకన్లు, అంటే 23 నిమిషాల పైమాటే. ఇతని వెనక వచ్చే గుంపులన్నీ అంతసేపు ఎండలో నిలబడాలి. అందుకే తోటి ఆటగాళ్ళకే ముందు కోపం వస్తుంది, అది జనానికి పాకుతుంది. 2019 నార్తర్న్ ట్రస్ట్‌లో బ్రైసన్ డిషాంబో ఎనిమిదడుగుల పుట్‌కి రెండు నిమిషాల పైన తీసుకుని, అదీ తప్పాడు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది.

అయితే సాగదీత అంతా ఒకటే రకం కాదు. 2002లో న్యూయార్క్ దగ్గరి బెత్‌పేజ్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో సెర్హియో గార్సియా బంతి ముందు నిలబడి పదేపదే పట్టు మార్చుకుంటుంటే జనం గట్టిగా లెక్కపెట్టారు, ఒకటీ, రెండూ, మూడూ అని. 2012 ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో కెవిన్ నా క్లబ్ ఎత్తి కూడా కొట్టలేక ఆగిపోయేవాడు, ఒక్కోసారి కావాలని బంతి మీదుగా ఊపేవాడు. అది పొగరు కాదు, బుర్ర మొరాయించడం. స్వింగ్ మార్చుకుంటున్న ఆటగాడికి అలా అవుతుంది. జనం గేలి చేసేకొద్దీ ఎక్కువైంది. ఇలాంటి నెమ్మదిని అయిష్టం జాబితాలో రాయకండి, కనికరించాల్సిందది.

సాగదీత మీది కోపం త్వరగానే చల్లారుతుందనడానికి డిషాంబోనే సాక్ష్యం. 2021లో అతన్ని చూడగానే ప్రత్యర్థి బ్రూక్స్ కెప్కా పేరుతో “బ్రూక్సీ” అని అరిచేవాళ్ళు. అలా వేధిస్తే బయటికి పంపేస్తామని, అమెరికాలో ప్రొఫెషనల్ పోటీలు నడిపే పీజీఏ టూర్ చెప్పాల్సి వచ్చింది. తర్వాత అతను యూట్యూబ్‌లో ఆట చూపించడం, జనంతో కలవడం మొదలుపెట్టాడు. 2024లో పైన్‌హర్స్ట్‌లో చివరి హోల్లో 55 గజాల బంకర్ షాట్ తీసి యూఎస్ ఓపెన్ గెలిచినప్పుడు జనం అతని పక్షమే. కప్పుని వాళ్ళ చేతికి అందించి ముట్టుకోనిచ్చాడు. తొండి మచ్చ పడ్డవాడికి ఇంత సులువుగా దారి దొరకదు.

డబ్బు, కోపం, జెండా

డబ్బు విషయంలో పద్ధతి తెలియాలి. గెలిస్తే కేడీకి (క్లబ్బులు మోసే సహాయకుడికి) పది శాతం ఇవ్వడం టూర్‌లో ఆనవాయితీ. 2018 నవంబరులో మెక్సికోలో మ్యాట్ కూచర్ గెలిచి సుమారు 13 లక్షల డాలర్లు అందుకున్నాడు. ఆ వారానికి పెట్టుకున్న స్థానిక కేడీకి 5,000 డాలర్లు ఇచ్చాడు. మొన్నటిదాకా చిరునవ్వు మనిషి అనిపించుకున్నవాడు ఒక్క వారంలో పిసినారి అయిపోయాడు. చివరికి క్షమాపణ చెప్పి మొత్తం 50,000 డాలర్లు ఇచ్చాడు. ఇక్కడ తప్పు అంకెలో లేదు, బలవంతుడు బలహీనుడితో బేరమాడినట్టు కనబడటంలో ఉంది. మిర్చి యార్డు చూసి పెరిగిన గుంటూరు మనిషికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

2022 జూన్‌లో సౌదీ ప్రభుత్వ నిధితో, పీజీఏ టూర్‌కి పోటీగా మొదలైన ఎల్ఐవీ గోల్ఫ్ లీగ్ వేరే సంగతి. అందులోకి వెళ్ళినవాళ్ళందర్నీ ఒకే గాటన కట్టకండి. మన అనిర్బన్ లాహిరి 2022 మార్చిలో ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానం తెచ్చుకుని, అదే ఏడాది అటు వెళ్ళాడు. అతని మీద మన అభిమానులకి ఉన్నది కోపం కాదు, పెద్ద టోర్నీల్లో తక్కువగా కనబడతాడన్న దిగులు. సౌదీ డబ్బు నచ్చక వచ్చే అయిష్టం, టూర్‌ని వదిలాడని వచ్చే అయిష్టం, చూడటానికి దొరకడం లేదన్న అయిష్టం మూడూ వేరు. మీది ఏదో రాసుకోండి.

కోపిష్టి ఆటగాళ్ళని తూచడానికి ఒక్క ప్రశ్న చాలు: నష్టం ఎవరికి? క్లబ్ విరగ్గొట్టుకుంటే అతనికే. 2019 సౌదీ ఇంటర్నేషనల్‌లో గార్సియా కోపంలో గ్రీన్లని దెబ్బతీసి అనర్హుడయ్యాడు. వెనక వచ్చేవాళ్ళు ఆ గాట్ల మీద పుట్ చేయాలి. అది కోపం కాదు, అన్యాయం.

అమెరికా, యూరప్ జట్లు తలపడే రైడర్ కప్‌లో విన్న గేలిని మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. 2025లో బెత్‌పేజ్‌లో మెకిల్రాయ్‌ని న్యూయార్క్ జనం నానా మాటలన్నారు. అతను యూరప్ తరఫున ఆడటమే కారణం, యూరప్ 15-13తో గెలిచింది. అదే మెకిల్రాయ్ అయిదు నెలల ముందు ఆగస్టాలో మాస్టర్స్ గెలిస్తే అమెరికా జనమే మోతెక్కించారు. జెండా తీసేస్తే పోయే కోపానికి ఆటగాడి స్వభావంతో పనిలేదు.

ఎప్పుడు కొలవాలంటే

మూడు టోర్నమెంట్లు చూడనిదే ఎవరి మీదా అభిప్రాయం రాయకండి. బ్రిటన్‌లో జరిగే ఓపెన్ మనకి సౌకర్యం, ఆదివారం రాత్రి పదకొండుకి అటూ ఇటూగా అయిపోతుంది. మాస్టర్స్ చివరి పుట్ పడేసరికి ఇక్కడ సోమవారం తెల్లవారుజామున నాలుగున్నర. నిద్రమత్తులో స్టాప్‌వాచ్ ఆలస్యంగా నొక్కుతారు, ఆ కొలత ఆటగాడికి అనుకూలంగా తప్పవుతుంది. అందుకని సాగదీత కొలతలు గురు, శుక్రవారాల రౌండ్లలో రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు మధ్య తీసుకోండి. ఆదివారం రాత్రిని ముఖాలు చూడటానికి ఉంచండి: పుట్ తప్పాక కేడీ వైపు ఎలా చూశాడు, ఓడాక టోపీ తీసి చెయ్యి కలిపాడా లేదా.