కూడిక, తీసివేతల సమీకరణాలను సాధించడం ఎలా?

ఎక్స్ + 7 = 15 అని ఇస్తే చాలామంది చూడగానే 8 అని చెప్పేస్తారు. అదే ఎక్స్ + 348 = 1,025 అయితే ఊహించి చెప్పడం కుదరదు, పద్ధతి కావాలి. అదీ పెద్ద కష్టమేం కాదు.

ముందు = గుర్తు సంగతి. దాని పక్కన జవాబు రాయాలని చిన్నప్పుడే అలవాటైపోతుంది. నిజానికి రెండు వైపులా ఉన్న విలువ ఒక్కటేనని చెప్పడమే దాని పని. 1557లో వేల్స్‌కు చెందిన గణితవేత్త రాబర్ట్ రికార్డ్ తన పుస్తకంలో మొదటిసారి ఈ గుర్తు వాడినప్పుడు, రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి ఇంకేం ఉంటాయని వాటినే ఎంచుకున్నాడు. కాబట్టి సమీకరణాన్ని సమంగా నిలిచిన త్రాసు అనుకోండి: ఒక పళ్ళెం నుంచి ఎంత తీస్తే రెండో దాంట్లోంచీ అంతే తీయాలి.

1. ఎక్స్‌కు ఏం జరిగిందో చూడండి. ఇక్కడ దానికి 348 కలిసింది.

2. దానికి విరుగుడు రెండు వైపులా చేయండి. కలిపి ఉంటే తీసేయాలి, తీసేసి ఉంటే కలపాలి.
ఎక్స్ + 348 − 348 = 1,025 − 348
ఎక్స్ = 677

3. సరిచూసుకోండి: 677 + 348 = 1,025. సరిపోయింది.

తీసివేత కూడా ఇంతే. ఎక్స్ − 12 = 30లో రెండు వైపులా 12 కలిపితే ఎక్స్ = 42.

“అటు పంపితే గుర్తు మారుతుంది” అని బళ్ళో చెప్పే పక్షాంతరం కూడా ఇదే, మధ్యలో ఒక లైను రాయరంతే. షార్ట్‌కట్‌గా బాగానే ఉంటుంది. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళు కొన్నాళ్ళపాటు ఆ లైను రాయడమే మంచిదని నా అభిప్రాయం. ఎందుకు మారుతుందో తెలియకుండా గుర్తులు మార్చేవాళ్ళు ఇదిగో, ఇలాంటి చోట దొరికిపోతారు:

15 − ఎక్స్ = 6

మైనస్ కనబడగానే 15 కలిపేసి 21 అంటారు. సరిచూస్తే 15 − 21 = −6, మనకు కావాల్సింది 6. ఆ మైనస్ 15ది కాదు, ఎక్స్‌ది. అందుకే రెండు వైపులా ఎక్స్‌నే కలపండి: 15 = 6 + ఎక్స్. ఇప్పుడు 6 తీసేస్తే ఎక్స్ = 9. ఒక అడుగు ఎక్కువైనా తికమక ఉండదు.

20 = ఎక్స్ + 8లా ఎక్స్ కుడివైపు ఉంటే టెన్షన్ వద్దు. రెండు వైపులనూ అటుదిటు మార్చి ఎక్స్ + 8 = 20 అని రాసుకోవచ్చు, గుర్తులేవీ మారవు. ఎక్స్ + 9 = 4 లాంటి వాటికి −5 వస్తే అది తప్పు కాదు. ఎక్స్ − (−3) = 5 అని ఉంటే ముందు ఎక్స్ + 3 = 5గా మార్చుకుని మొదలుపెట్టండి.

ఇక మీరు చేయండి: ఎక్స్ + 26 = 19; 41 = ఎక్స్ − 17; 8 − ఎక్స్ = 13. జవాబులు వరసగా −7, 58, −5 రావాలి.